అడుగుల లక్ష్యం, హార్ట్ రేట్ మానిటర్: నడిచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నడక మొదలుపెట్టిన కొత్తలో చేతికి ఒక వాచ్ వస్తుంది, లేదా ఫోన్‌లో ఒక యాప్ పడుతుంది. అక్కడి నుంచి అంకెలు మొదలవుతాయి. ఎన్ని అడుగులు, గుండె ఎంత వేగం, ఎన్ని కేలరీలు, ఏ జోన్ (గుండె వేగాన్ని బట్టి శ్రమను విడదీసిన అంచె). వీటిలో కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్నిటిని పట్టించుకోనక్కర్లేదు. నాతో నడిచేవాళ్లు, నడుద్దామనుకుంటున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, చాలా ఏళ్లుగా నడుస్తూ, చదువుతూ, అంకెలు రాసిపెట్టుకునే మనిషిని. గుండె జబ్బు, మధుమేహం, బీపీ, కీళ్ల సమస్య ఉన్నవాళ్లు, చాలాకాలంగా కదలిక లేనివాళ్లు ముందు తమ డాక్టర్‌తో ఒక మాట మాట్లాడి మొదలుపెట్టండి.

రోజుకు పదివేల అడుగులు నడవాల్సిందేనా?

అక్కర్లేదు. ఆ పదివేలు వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో నడక మీద ఆసక్తి పెరిగింది. 1965లో అక్కడి ఒక గడియారాల సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టి, దానికి ‘మాన్‌పో-కెయి’ అని పేరు పెట్టింది. ‘మాన్’ అంటే పదివేలు, ‘పో’ అంటే అడుగు, ‘కెయి’ అంటే మీటరు. చెప్పడానికి తేలిక, గుర్తుంచుకోవడానికి ఇంకా తేలిక. ఆ గుండ్రటి అంకె అలా ప్రపంచమంతా తిరిగి మన వాచ్‌లోకి వచ్చి కూర్చుంది.

పరిశోధనలు చాలా కాలం తర్వాత వచ్చాయి. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది మహిళల మీద చేసిన అధ్యయనం వెలువడింది. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచేవాళ్లతో పోలిస్తే 4,400 అడుగులు నడిచేవాళ్లలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం ఇంచుమించు నిలకడ అయిపోయింది. 2022లో పదిహేను అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, అరవై దాటినవాళ్లకు 6,000 నుంచి 8,000, అంతకంటే చిన్నవాళ్లకు 8,000 నుంచి 10,000 అడుగుల దగ్గర లాభం నిలకడకు వస్తున్నట్టు తేలింది.

ఒక జాగ్రత్త. ఇవి మనుషులను గమనించి రాసిన లెక్కలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తుండవచ్చు కాబట్టి తగ్గిన ముప్పంతా నడక ఖాతాలోనే వేయలేం. అయినా అన్ని అధ్యయనాల్లోనూ ఒక సంగతి కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద లాభం అట్టడుగు నుంచి పైకి వచ్చే మొదటి మెట్టులోనే ఉంది. మూడు వేల నుంచి ఐదు వేలకు వచ్చిన మనిషి పొందేది, తొమ్మిది వేల నుంచి పదకొండు వేలకు వెళ్లిన మనిషి పొందే దానికంటే ఎక్కువ. పదివేలు అందలేదని నడక మానేసినవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది ఇందుకే. వాళ్లు వదులుకున్నది ఆ విలువైన మొదటి మెట్టునే.

అయితే నా లక్ష్యం ఎంత పెట్టుకోవాలి?

ముందు లక్ష్యం సంగతి మరిచిపోండి. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, మామూలుగా ఎలా తిరుగుతారో అలాగే తిరిగి, ప్రతి రాత్రీ ఆ రోజు అడుగులు ఒక కాగితం మీద రాయండి. వాచ్ కట్టుకున్నాం కదా అని ఎక్కువ నడవకండి. మొదటి రెండు రోజులు ఆ ఉత్సాహం అందరికీ వస్తుంది, దాన్ని ఆపుకోవాలి.

నా మొదటి వారం కాగితం ఇంకా దాచుకున్నాను. అందులో ఉన్నవి ఇవి: 3,120, 2,860, 4,410, 3,300, 2,950, 6,780, 3,480. సగటు తీస్తే 3,843 వస్తుంది. కానీ ఆ 6,780 ఉంది చూశారా, ఆ రోజు ఒక పని మీద ఊరంతా తిరగాల్సి వచ్చింది. ఆ ఒక్క రోజే సగటును పైకి లాగేసింది. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేర్చి నడిమధ్యన ఉన్నది చూస్తే 3,300. అదే నా అసలు రోజు. మీరు కూడా సగటు కాకుండా ఆ మధ్య అంకెనే తీసుకోండి.

దాని మీద 500 కలపండి. ఒంట్లో బాగుంటే, వయసు చిన్నదైతే 1,000 కలపవచ్చు. 3,300 నడిచే మనిషికి మొదటి లక్ష్యం 3,800, అంతే. చాలా చిన్నదిగా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. మూడు వేలు నడిచే మనిషి రేపటి నుంచి పదివేలు అనుకోవడం నేల విడిచి సాము చేయడమే. నాలుగో రోజుకు మడమ నొప్పో, పిక్క పట్టేయడమో, విసుగో వచ్చి మొదటికే మోసం వస్తుంది.

500 అడుగులంటే ఎంత దూరం? ఎంత సేపు?

కాస్త చురుగ్గా నడిస్తే నిమిషానికి వంద అడుగులు పడతాయి. అంటే 500 అడుగులు ఐదు నిమిషాలు, 1,000 అడుగులు పది నిమిషాలు. దూరంలో చెప్పాలంటే, అంగ పొడవును బట్టి, కిలోమీటరుకు దాదాపు 1,300 అడుగులు. పొట్టివాళ్లకు కాస్త ఎక్కువ, పొడుగువాళ్లకు కాస్త తక్కువ పడతాయి. నేను లక్ష్యాన్ని ఎప్పుడూ నిమిషాల్లోకి మార్చి చెబుతాను. ‘ఇంకో వెయ్యి అడుగులు’ అంటే కొండలా కనిపించే పని, ‘ఇంకో పది నిమిషాలు’ అంటే ఇట్టే చేయగలిగిన పనిలా ఉంటుంది.

ఎన్ని రోజులకోసారి పెంచాలి?

వారంలో ఐదు రోజులు లక్ష్యం అందితే, పెద్ద ఇబ్బంది లేకుండా అందితే, ఇంకో 500 కలపండి. అందకపోతే అదే అంకె మీద ఇంకో వారం ఉండండి. రెండు వారాలు వరసగా అందకపోతే లక్ష్యమే పెద్దదైంది, తగ్గించండి. తగ్గించడం ఓటమి కాదు. కాలి కొలతకు సరిపోని చెప్పును మార్చుకుంటాం కదా, ఇదీ అంతే.

జ్వరమో, ప్రయాణమో, ఇంట్లో కష్టమో వచ్చి పదిరోజులు ఆగిపోతే ఆపిన అంకె దగ్గర మొదలుపెట్టకండి. రెండు మెట్లు కిందికి దిగి మొదలుపెట్టండి. త్వరగానే మళ్లీ అక్కడికి చేరతారు.

ఒక్కరోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు నడవాలా?

వద్దు. బాకీ తీర్చినట్టు నడిస్తే కాళ్లే బాధపడతాయి. రోజు లెక్క కంటే వారం లెక్క చూసుకోవడం మేలు. 5,000 లక్ష్యమైతే వారానికి 35,000. ఒకరోజు 3,800 పడితే మిగతా రోజుల్లో కాస్త కాస్త సర్దుకోవచ్చు. లక్ష్యం తప్పితే వరుస తెగిందని గుర్తుచేసే యాప్‌లు కొన్ని ఉన్నాయి. ఆ గుర్తు మిమ్మల్ని బాధపెడుతుంటే దాన్ని ఆపేయండి.

అన్నీ ఒకేసారి నడవాలా?

అక్కర్లేదు. పొద్దున పది నిమిషాలు, తిన్నాక పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడిచినా లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో, కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని తీసేసింది. భోజనం తర్వాత చిన్న నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది కాబట్టి ముక్కలుగా నడిచేవాళ్లకు ఆ సమయం మంచిది.

ఇంట్లో అటూ ఇటూ తిరిగినవి కూడా లెక్కేనా?

లెక్కే. కూర్చుని ఉండటం కంటే ఏ కదలికైనా మేలు. కాకపోతే గుండె వేగం పెరగాలంటే ఇంట్లో అడుగులు సాధారణంగా చాలవు. నాలుగడుగులు వేసి ఆగిపోతాం కాబట్టి గుండెకు వేగం అందుకునే వీలుండదు.

మెల్లగా నడిచినా ఫలితం ఉంటుందా? వేగం ఎంత ఉండాలి?

ఉంటుంది. అడుగుల మొత్తం పెరిగితే చాలు, మెల్లగా నడిచినా మేలే. కానీ గుండె, ఊపిరితిత్తుల సత్తా పెరగాలంటే రోజులో కొంతసేపు చురుగ్గా నడవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం.

మధ్యస్థ శ్రమ అంటే చాలామంది పెద్దవాళ్లకు నిమిషానికి సుమారు వంద అడుగులు. లెక్కించడం సులువు. పదిహేను సెకన్లలో ఎన్ని అడుగులు పడ్డాయో చూడండి, 25 పడితే మీరు వందలో ఉన్నారు. నిమిషానికి 130 దగ్గరికి వస్తే గట్టి శ్రమ కిందికి వస్తుంది.

ఇక్కడే అడుగుల లెక్క చేతులెత్తేస్తుంది. నిమిషానికి వంద అడుగులు ముప్పై ఏళ్ల క్రీడాకారుడికి షికారు, మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడకు పెద్ద శ్రమ. ఇద్దరి వాచ్‌లోనూ కనిపించేది అదే వంద. ఎవరి శరీరం ఎంత కష్టపడుతోందో గుండె వేగం చెప్పగలుగుతుంది. నా దృష్టిలో అడుగులు ‘ఎంత పని’ అనేది చెబుతాయి, గుండె వేగం ‘ఎంత కష్టపడి’ అనేది చెబుతుంది. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడైనట్టు రెండూ కలిస్తేనే విషయం తెలుస్తుంది.

ఫోన్ ఒక లెక్క చెబుతుంది, వాచ్ ఇంకోటి చెబుతుంది. ఏది నమ్మాలి?

ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే చివరిదాకా నమ్మండి. ఫోన్ జేబులో ఉన్నంతసేపే లెక్కిస్తుంది, బల్ల మీద పెట్టి తిరిగితే ఆ అడుగులు పోయినట్టే. వాచ్ చెయ్యి ఊపును బట్టి లెక్కిస్తుంది. తోపుడు బండినో, పిల్లల బండినో రెండు చేతులా పట్టుకుని నెడుతూ నడిస్తే అడుగులు తక్కువ పడతాయి. కూర్చుని చేతులతో పని చేస్తుంటే పడని అడుగులు కూడా పడొచ్చు. చాలా నెమ్మదిగా, కాళ్లు ఈడుస్తూ నడిచే పెద్దవాళ్ల అడుగులను చాలా పరికరాలు తక్కువ లెక్కిస్తాయి. అలాంటివాళ్లకు నిమిషాల లక్ష్యమే న్యాయం.

మీ పరికరాన్ని ఒకసారి పరీక్షించుకోండి. నోటితో లెక్కపెడుతూ సరిగ్గా 200 అడుగులు నడిచి, ముందూ తర్వాతా అంకె చూడండి. పది అడుగుల తేడా ఉంటే పర్వాలేదు.

నడకకు హార్ట్ రేట్ మానిటర్ అవసరమా?

తప్పనిసరి కాదు. మాట పరీక్ష చాలామందికి సరిపోతుంది. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే మీరు మధ్యస్థ శ్రమలో ఉన్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ.

మానిటర్ ఉపయోగపడేది కొన్ని సందర్భాల్లో. శ్రమను తక్కువగానో ఎక్కువగానో అంచనా వేసుకునే అలవాటున్నవాళ్లకు, డాక్టర్ ఫలానా అంకె దాటొద్దని చెప్పినవాళ్లకు, నెలల తరబడి మార్పు చూసుకోవాలనుకునేవాళ్లకు. నా మటుకు నాకు మూడోదే పెద్ద ఆకర్షణ. అదే దారి, అదే వేగం, ఆరునెలల కింద 128 ఉన్న గుండె వేగం ఇవాళ 116 ఉంటే, ఏ అద్దమూ చూపించని మార్పు అది.

మణికట్టు వాచ్ మంచిదా, ఛాతీ పట్టీ మంచిదా?

రెండూ పనిచేసే తీరు వేరు. వాచ్ వెనక ఆకుపచ్చ దీపాలు మినుకుమంటుంటాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు దగ్గర రక్తనాళాల్లో రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను వాచ్ లెక్కిస్తుంది. ఛాతీ పట్టీ అలా కాదు. ఇసిజి లాగా గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్నే చర్మం మీది నుంచి పట్టుకుంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో తెచ్చిన తీగలు లేని మానిటర్‌తో ఈ పరికరం ఆసుపత్రి గోడలు దాటి ఆటస్థలానికి వచ్చింది.

కచ్చితత్వంలో ఛాతీ పట్టీదే పైచేయి, ముఖ్యంగా వేగం మాటిమాటికీ మారే వ్యాయామాల్లో. నిలకడగా నడిచేవాళ్లకు మంచి వాచ్ చాలు.

వాచ్‌ను మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలెడు పైన కట్టుకోండి. కదిలితే జారకూడదు, తీశాక చర్మం మీద లోతుగా అచ్చు పడకూడదు. చేతులు చల్లబడి ఉంటే, ఆ చోట పచ్చబొట్టు ఉంటే రీడింగ్ తప్పొచ్చు. ఛాతీ పట్టీ వాడేవాళ్లు లోపలివైపు ఉండే మెత్తలను నీళ్లతో తడిపి కట్టుకోవాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు వస్తాయి. పట్టీ పాడైందనుకుని తిరిగి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు. నాలుగు చుక్కల నీళ్లతో పోయే సమస్య అది. వాడాక కడిగి ఆరబెడితే ఎక్కువకాలం మన్నుతుంది.

220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్, అంటే గుండె అందుకోగల అత్యధిక వేగం, వస్తుందంటారు. నిజమేనా?

అది అంచనా మాత్రమే, అదీ ముతక అంచనా. 1970 ప్రాంతంలో కొందరు వైద్యులు అప్పటికి దొరికిన సమాచారాన్ని పక్కపక్కన పెట్టి గీసిన గీత అది. ప్రతి మనిషికీ వర్తించే సూత్రం కావాలని వాళ్లూ అనుకోలేదు. 2001లో ఎన్నో అధ్యయనాలను కలిపి ఇంకో సూత్రం తెచ్చారు: వయసును 0.7తో గుణించి, వచ్చిన దాన్ని 208 నుంచి తీసేయాలి.

నలభై ఏళ్లవాళ్లకు రెండు సూత్రాల్లోనూ 180 వస్తుంది. యాభైకి పాతదాంట్లో 170, కొత్తదాంట్లో 173. డెబ్బైకి వచ్చేసరికి పాతది 150 అంటుంది, కొత్తది 159 అంటుంది. పాత సూత్రాన్ని నమ్ముకున్న పెద్దవాళ్లు అవసరం లేకపోయినా వేగం తగ్గించుకుంటారు. అందుకే పెద్దవాళ్లకు నేను రెండోదే చెబుతాను.

ఏ సూత్రం వాడినా వచ్చిన అంకెకు అటూ ఇటూ నిమిషానికి పది, పన్నెండు బీట్ల తేడా మామూలే. యాభై ఏళ్ల ఇద్దరిలో ఒకరి గరిష్ఠం 162, ఇంకొకరిది 185 ఉండొచ్చు, ఇద్దరూ ఆరోగ్యవంతులే కావొచ్చు. వాచ్‌లో గీసి ఉన్న రంగు రంగుల జోన్‌లు సాధారణంగా ఈ అంచనా మీదే నిలబడి ఉంటాయి. ఆ గీతను ఒక బీటు దాటినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు.

నేను ఏ అంకెల మధ్య నడవాలో ఎలా తెలుసుకోవాలి?

విశ్రాంతి హార్ట్ రేట్‌ను కూడా కలిపి లెక్కేసే పద్ధతి ఒకటుంది. 1957లో కార్వొనెన్ అనే ఫిన్లాండ్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన పని ఆధారంగా వచ్చింది. మీ గుండె విశ్రాంతిగా ఉన్నప్పటి వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న జాగాను కొలిచి, అందులో ఎంత వాడుతున్నారో చూస్తుంది. అందువల్ల అందరికీ ఒకే కొలత కాకుండా, ఎవరి గుండెకు తగ్గ లెక్క వాళ్లకు వస్తుంది.

యాభై ఏళ్ల మనిషి, విశ్రాంతి హార్ట్ రేట్ 74 అనుకుందాం. గరిష్ఠం 173. రెండింటికీ మధ్య జాగా 99. మధ్యస్థ శ్రమ అంటే ఈ జాగాలో 40 నుంచి 59 శాతం. 99లో 40 శాతం సుమారు 40, దానికి 74 కలిపితే 114. 59 శాతం సుమారు 58, దానికి 74 కలిపితే 132. అంటే చురుకైన నడకలో ఈ మనిషి గుండె 114, 132 మధ్య ఉండాలి. మొదటి నెల కింది అంచు దగ్గరే ఉండండి. దానికి మాట పరీక్షను తోడుపెట్టుకోండి. లెక్క ఒకటి చెప్పి ఆయాసం ఇంకోటి చెబితే, ఆయాసం మాటే వినండి.

విశ్రాంతి హార్ట్ రేట్ ఎప్పుడు చూసుకోవాలి? ఎంత ఉండాలి?

పొద్దున నిద్ర లేవగానే, మంచం దిగకముందు, కాఫీ టీలు తాగకముందు. వరసగా నాలుగైదు రోజులు చూసి మధ్య అంకె తీసుకోండి. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. బాగా సాధన చేసే క్రీడాకారులకు 40ల్లోనూ ఉంటుంది.

వాచ్ ఉన్నా చేత్తో నాడి చూడటం నేర్చుకోండి. అరచేతిని పైకి తిప్పి, బొటనవేలి మొదలు కింద మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు మెల్లగా ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దానికున్న నాడే తగిలి లెక్క తప్పుతుంది. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి.

నెలల తరబడి నడిస్తే ఈ అంకె మెల్లగా కొన్ని బీట్లు తగ్గొచ్చు. అందరికీ ఒకేలా తగ్గదు. ఉన్నట్టుండి రెండు మూడు రోజులు ఏడెనిమిది బీట్లు ఎక్కువగా ఉంటే నిద్ర చాలకపోవడమో, జ్వరం రాబోవడమో, ఒళ్లు అలిసిపోవడమో అయివుండొచ్చు. ఆ రోజు తేలిగ్గా నడవండి.

హాయిగా నడుస్తున్నా వాచ్ ఉన్నట్టుండి 150, 160 చూపిస్తోంది. గుండెకేమైనా అయిందా?

ముందు ఆగి చేత్తో నాడి చూడండి. నాకు ఇలా జరిగినరోజు బాగా గుర్తుంది. వేగంగా, చేతులు ఊపుతూ నడుస్తున్నాను, ఆయాసమేమీ లేదు, వాచ్ మీద 126. చూస్తుండగానే 131 అయింది. గుండె గుభేల్‌మంది. పక్కనే ఉన్న అరుగు మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. పదిహేను సెకన్లకు 27 కొట్టుకుంది, అంటే 108. మరి 131 ఎక్కడిది? తర్వాత అదే వేగంతో నడుస్తూ అడుగులు లెక్కపెడితే నిమిషానికి 130 పడ్డాయి. వాచ్ నా అడుగుల దరువును గుండె దరువనుకుని దాన్ని పట్టుకుంది. పట్టీ వదులుగా ఉన్నప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. ఆ తర్వాత ఒక రంధ్రం బిగించి కట్టుకున్నాను, మళ్లీ రాలేదు.

పరిగెత్తేవాళ్లకు నిమిషానికి 160కి అటూ ఇటూ అడుగులు పడతాయి కాబట్టి వాచ్ ఇలా పొరబడితే వాళ్లకు 160 కనిపించొచ్చు. కానీ నాడి చూసినప్పుడు నిజంగానే 150 దాటి ఉంటే, దరువు అడ్డదిడ్డంగా ఉంటే, లేదా కూర్చున్నాక కూడా తగ్గకపోతే, వాచ్‌ను తప్పుపట్టి ఊరుకోవద్దు. డాక్టర్‌కు చూపించుకోండి.

అదే దారి, అదే వేగం. నిన్న 118, ఇవాళ 129. ఎందుకు?

ఎండ, ఉక్కపోత మొదటి కారణం. ఒంటిని చల్లబరచడానికి చర్మంలోకి ఎక్కువ రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెంచుకుంటుంది. నీళ్లు తక్కువ తాగినా అంతే. నిద్ర లేకపోవడం, దిగులు, కాఫీ, జలుబు మందులు కొన్ని, భారీ భోజనం కూడా పెంచుతాయి. ఒకే నడకలో కూడా గంట గడిచేసరికి వేగం పెంచకపోయినా అంకె నెమ్మదిగా పైకి పాకుతుంది. వేడిరోజున వేగం తగ్గించి నిన్నటి హార్ట్ రేట్‌లోనే నడవండి. ఆ రోజుకు అడుగులు తక్కువ పడినా సరే, గుండె చేసిన పని తక్కువేమీ కాదు.

బీపీ మాత్రలు వాడుతున్నాను. గుండె వేగం పెరగడమే లేదు.

మీ మాత్ర బీటా బ్లాకర్ అయివుండొచ్చు. మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి ఈ కోవలోవే. గుండె వేగాన్ని అదుపులో ఉంచడమే వాటి పని. అవి వాడేవాళ్లకు పైన చెప్పిన సూత్రాలేవీ పనిచేయవు. 130 తెచ్చుకోవాలని ప్రాణం పోయేలా నడవడం ప్రమాదం. అంకె కోసం మాత్ర మానేయడం అంతకంటే పెద్ద ప్రమాదం.

ఇలాంటివాళ్లు మాట పరీక్షను నమ్ముకోవాలి. లేదా స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన శ్రమ కొలతను వాడొచ్చు. అందులో 6 అంటే ఏ శ్రమా లేదు, 20 అంటే ఇక నావల్ల కాదు. మీకు ఎలా అనిపిస్తోందో మీరే అంకె వేసుకోవాలి. 12, 13 దగ్గర ఉంటే నడకకు సరిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె లయ తప్పే జబ్బున్నవాళ్లు తమ అంకెలను డాక్టర్ దగ్గరే తీసుకోవాలి. లయ తప్పినప్పుడు మణికట్టు వాచ్ లెక్క కూడా అంతగా నమ్మదగింది కాదు.

నడక ఆపాక గుండె వేగం ఎంత త్వరగా తగ్గాలి?

త్వరగా తగ్గేకొద్దీ మంచిది. చురుకైన నడక చివర్లో అంకె చూసి, సరిగ్గా ఒక నిమిషం మెల్లగా నడిచి మళ్లీ చూడండి. ఆ తేడాను వారానికోసారి రాసిపెట్టుకోండి. 1999లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, మొదటి నిమిషంలో 12 బీట్లు లేదా అంతకంటే తక్కువ మాత్రమే తగ్గితే దాన్ని అసాధారణంగా లెక్కించింది. కానీ అది ట్రెడ్‌మిల్ మీద శక్తికొద్దీ శ్రమపెట్టి చేసిన పరీక్ష. షికారు నడకలో 108 నుంచి 98కి తగ్గిందని భయపడకండి, అసలు పెరిగిందే తక్కువ. మీ తేడా నెల నెలా పెరుగుతోందా లేదా అన్నది చూసుకోండి చాలు.

కొవ్వు కరిగే జోన్‌లోనే నడవాలా?

మెల్లటి శ్రమ ఉండే జోన్‌కు వాచ్‌లు, యాప్‌లు పెట్టిన పేరు అది, దాన్ని పట్టించుకోకండి. మెల్లటి శ్రమలో ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ, నిజమే. కానీ మొత్తం ఖర్చు తక్కువ.

వాచ్ చూపించే కేలరీలు?

నమ్మొద్దు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఏడు పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగం విషయంలో ఆరు బాగానే ఉన్నాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. ఆ అంకె చూసుకుని తిండి లెక్కేసుకోవడం మంచిది కాదు.

ఏం జరిగితే వెంటనే ఆపేయాలి?

ఛాతీలో నొప్పి, బరువు, బిగపట్టినట్టు ఉండటం. ఆ నొప్పి చేతికో, దవడకో, మెడకో, వీపుకో పాకడం. కళ్లు తిరగడం, స్పృహ తప్పినట్టు అవడం. ఎప్పుడూ లేనంత ఆయాసం, చల్లటి చెమట. గుండె గడగడా, లయ లేకుండా కొట్టుకోవడం. వీటిలో ఏది వచ్చినా నడక ఆపి కూర్చోండి, పక్కనున్నవాళ్లను పిలవండి. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే, లేదా ఛాతీ నొప్పి అయితే తగ్గేదాకా కూడా ఆగకుండా, అత్యవసర వైద్య సహాయానికి ఫోన్ చేయండి. ఆ సమయంలో వాచ్‌లో అంకె మామూలుగా ఉందని ధైర్యం తెచ్చుకోవద్దు. గుండెపోటు వస్తున్నప్పుడు కూడా గుండె వేగం 80 ఉండొచ్చు.

రోజంతా అంకెలే చూస్తున్నాను, ఆందోళన పెరుగుతోంది. ఏం చేయాలి?

తెర మీది నుంచి హార్ట్ రేట్‌ను తీసేయండి. నడక మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి చూస్తే చాలు. వారానికి ఒక రోజు వాచ్ ఇంట్లో పెట్టి నడవండి. నా స్నేహితురాలు ఒకామె ఇలాగే ప్రతి పది అడుగులకూ మణికట్టు చూసుకునేది. ఒక నెల పాటు వాచ్‌ను లోపలివైపుకు తిప్పి కట్టుకోమన్నాను. ఇప్పుడు ఇంటికొచ్చాకే చూసుకుంటోంది. మొన్న అడిగితే ఆమె మధ్య అంకె 6,200. మొదలుపెట్టినప్పుడు 2,400.